కుట్టు మీద వేళ్ళు

బంతులేసే కుర్రాళ్ళందరూ సూరత్ బండెక్కేసారు.
రజొ పండక్కి వచ్చినోళ్ళు కూడా
నాలుగు రోజులుండి, కొత్త చెప్పులు చూపించి
మళ్ళీ మిల్లులకి వెళిపోయారు.
మా కుందనకి బ్యాటుంది, కాళ్ళకి ప్యాడ్లున్నాయి,
వచ్చే నెల బరంపురంలో సెలక్షనుంది.
ఎదురుగా మనిషే లేడు.

"అమ్మా, నువ్వెయ్యి."

ఏటే, నేనా?
ముప్పై తొమ్మిదేళ్ళు.
మిషను మీద వంగి వంగి పట్టేసిన భుజం.
తలకంటే పైకి ఈ చెయ్యి లేచేది
దండెం మీద బట్టలారేసినప్పుడే.

పర్లాకిమిడి శివారు, మహేంద్రతనయ ఒడ్డు.
వాన కోసం చూసి చూసి రాయైపోయిన నేల.
అవతల పాతపట్నం బస్సు హారను కొడుతోంది.
గుంట నా అరచేతిలో బంతి పెట్టింది.

ఓసి, దీనికీ కుట్టుందే!
ఆరు వరసలు, తెల్ల దారం,
ఒక్క పోగు జారలేదు,
ముడి ఎక్కడేసారో ఎంత వెతికినా దొరకలేదు.
తోలు మీద ఇంత సన్నంగా కుట్టిన చేతికి
రోజుకెంత కూలిచ్చుంటారో.

"కూలి లెక్కలు తర్వాత. చూడు,
రెండు వేళ్ళూ కుట్టుకి అటూ ఇటూ.
బొటనవేలు కింద. అరచెయ్యి తగలకూడదు.
నొక్కకు, కోడిగుడ్డనుకో."

గుడ్డయితే విసరమంటావేటే?

మొదటిది విసిరేసాను,
కోతుల మీదకి రాయి విసిరినట్టే
మోచెయ్యి మడిచి. నోట్లోంచి తిట్టు కూడా వచ్చేసింది.
అటుగా పోతున్న గొమాంగో మాస్టారు
సైకిలాపి, ఒక కాలు కిందకి దించి
"హాత సిధా రఖ" అన్నారు.
సవర ఇంట్లో పుట్టి, ఒడియాలో లెక్కలు చెప్పి,
తెలుగులో నవ్వే మనిషి.
"మడిస్తే రాయమ్మా. మడవకపోతేనే బంతి."

నా చేతిలో అది రాయి కాకుండా పోడానికి
నాలుగు సాయంత్రాలు పట్టింది.

చెవిని రాసుకుంటూ రావాలట చెయ్యి.
ఎత్తితే చంకలో పర్రుమంది.
ఆ రాత్రి నా జాకెట్టే విప్పి
చంకల కింద అంగుళం గుడ్డ వేసి కుట్టుకున్నాను.
ఇరవై ఏళ్ళుగా ఊరందరి చేతులూ కొలిచాను.
చీటీల మీద ఒడియా అంకెల్లో రాసుకున్నాను.
నా చెయ్యి పూర్తిగా పైకి లేస్తే
ఎంత గుడ్డ కావాలో
ఎప్పుడూ కొలుచుకోలేదు.

కాళ్ళ సంగతి బేగి వచ్చింది.
కాలు తొక్కితే చెయ్యి నడవాలి,
అది నాకు మిషను ఎప్పుడో నేర్పింది.

ఒగ్గడమే రాలేదు.
ముందుగా ఒగ్గేస్తే బంతి
బెహరా వాళ్ళు బడీలెండబెట్టిన చాటలో.
ఆలీసమైతే నా బొటనవేలి ముందరే, దబ్బున.
వైడ్లు లెక్కెట్టడం కుందన మానేసింది.
"ఎప్పుడొగ్గాలే?" అనడిగితే
బ్యాటు మీద గడ్డం ఆన్చి ఆలోచించి
"నాకేం తెలుసు? చెయ్యే చెప్తాది" అంది.

రాత్రి పడుకుంటే చెయ్యి ఏదీ చెప్పలేదు,
సలిపింది, అంతే.
వేపనూనె రాసుకుని
రథయాత్ర జాకెట్లకి మెడలు తిప్పుతూ కూర్చున్నాను.

పదకొండో రోజో, పన్నెండో రోజో.
బట్టలు గీసే నీలం సుద్దతో
నేల మీద గీత గీసుకున్నాను.
ఆరడుగులు నడిచి, రెండడుగులు పరిగెత్తి,
ఎడమ భుజం మీంచి పుల్లల్ని చూసి
ఇంకేదీ అనుకోలేదు,
రేపివ్వాల్సిన అరువు కూడా.
వేళ్ళ కొసల్లోంచి కుట్టు జారిపోవడం
దారం తెగినంత చిన్నగా తెలిసింది.

పడ్డచోట నేలని కరిచి
లోపలికి తిరిగింది.
నడిమి వెదురుపుల్ల వాలిపోయింది.

కుందన పుల్లని చూసింది. నన్ను చూసింది.
"నోబాల్. కాలు గీత దాటింది."

వంగి చూసాను.
నీలం గీత నా వేళ్ళ ముందర
ఎక్కడా చెరక్కుండా ఉంది.
గీసినదాన్ని, నాకు తెలీదా?

"అలాగేలేవే. బంతి ఇటు పడెయ్."

ఇంటి దగ్గర హుక్కులు వెయ్యాల్సిన జాకెట్లు
పదమూడున్నాయి.
చెయ్యి అప్పుడే
చెవి దాకా లేచిపోయింది.